సరదా లక్ష్యాలకు ఒక పద్దు పుస్తకం: బెంగళూరు తెలుగువారికి

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువారికి లక్ష్యాలు రాసుకోవడం ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. మూడు నెలలకొకసారి మేనేజరు ముందు కూర్చుని రాసేవి కొన్ని, అప్రైజల్ ముందు రోజు రాత్రి హడావిడిగా నింపేవి మరికొన్ని ఏ కంపెనీలోనైనా ఉండనే ఉంటాయి. అదే పద్ధతిని సెలవు రోజులలోకి కూడా తెచ్చుకుంటే నడక, ఈత, ప్రయాణం, పక్షులను చూడటం వంటివన్నీ జీతం లేని రెండో ఉద్యోగంగా మారిపోతాయి. అలాగని ఏ లెక్కా లేకుండా వదిలేస్తే శనివారం ఫోను చూడటంతోనూ, ఆదివారం బట్టలు ఉతుక్కోవడంతోనూ గడిచిపోయి, ఈ ఊరికి వచ్చి ఎన్నేళ్ళయినా మారతహళ్ళి, మెజెస్టిక్ తప్ప మరేమీ చూడలేదన్న మాటే మిగులుతుంది.

ఈ రెండు అవస్థల నడుమ, ఆటగా పెట్టుకునే లక్ష్యానికి చోటుంది. దాని గురించి ఎవరికీ నివేదిక ఇవ్వనక్కరలేదు, నెరవేరకపోతే నష్టం లేదు, అయినా అది ఉండటం వల్ల ఆదివారం ఉదయం చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాలనిపిస్తుంది. అటువంటి లక్ష్యాన్ని ఎంచుకునేటప్పుడు చాలామంది సంఖ్య దగ్గరే ఆగిపోతారు. ఏడాదికి ఇరవై పుస్తకాలా, ముప్పయ్యా అని తర్జనభర్జన పడతారు. నా దృష్టిలో సంఖ్య చివర తేల్చుకోవలసిన విషయం. ముందు తేల్చుకోవలసింది దేనిని లెక్కపెట్టాలి అన్నదే, ఎందుకంటే మనం దేనిని లెక్కపెడతామో మన సెలవు రోజు క్రమంగా దాని చుట్టూనే తిరగడం మొదలుపెడుతుంది.

దేనిని లెక్కపెట్టాలి

"శక్తి మేరకు చేయండి" అని ఊరికే చెప్పినప్పటికంటే, స్పష్టమైన, కొంత కష్టమైన లక్ష్యాన్ని ముందు పెట్టినప్పుడు మనుషులు బాగా పనిచేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ 1968 నాటి వ్యాసంలో ప్రతిపాదించాడు; ఆ తర్వాత గ్యారీ లేథమ్‌తో కలిసి ఆ వాదాన్ని బలపరిచాడు. కార్యాలయాలలో కనిపించే లక్ష్యాల పద్ధతికి ఆ పరిశోధన పెద్ద అండ. అయితే పని కొత్తదీ చిక్కైనదీ అయినప్పుడు ఫలితం మీద కఠినమైన లక్ష్యం పెట్టడం కంటే, నేర్చుకోవడం మీద లక్ష్యం పెట్టడమే మంచిదని కూడా ఆ పరిశోధకులే రాశారు. అభిరుచులన్నీ మొదట్లో కొత్తవే కనుక ఈ రెండో మాట మనకు ఎక్కువగా పనికివస్తుంది. బ్యాడ్మింటన్ అప్పుడే మొదలుపెట్టినవారు గెలుపులను లెక్కపెడితే తమకంటే బలహీనంగా ఆడేవారిని వెతుక్కుంటారు; ఎంతమంది వేర్వేరు ప్రత్యర్థులతో ఆడారో లెక్కపెడితే, అపార్ట్‌మెంటు కోర్టులో ముక్కూ మొహం తెలియని మనిషిని పలకరించి మరీ ఆటకు పిలుస్తారు. పుస్తకాల సంగతీ అంతే. ఏడాదికి ఇన్ని పుస్తకాలు అన్న లెక్క మనను సన్నని పుస్తకాల వైపు నెడుతుంది, ఇంతవరకు ఒక్క పేజీ కూడా చదవని రచయితలు ఇంతమంది అన్న లెక్క చర్చ్ స్ట్రీట్ దుకాణాలలో ఎన్నడూ చేయి పెట్టని అర దగ్గరకు తీసుకువెళుతుంది.

ఒక లెక్క మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటే. ఆ లెక్కను దొడ్డిదారిన పెంచుకోవడానికి అన్నిటికంటే సులువైన ఉపాయం ఏమిటని ఆలోచించాలి. ఆ ఉపాయం కూడా సరదాగానే ఉంటే లెక్క మంచిది, విసుగ్గా ఉంటే దాన్ని మార్చుకోవాలి. రోజుకు ఇన్ని అడుగులు అన్న లక్ష్యానికి దొడ్డిదారి రాత్రి పదకొండింటికి హాలులో గోడ నుంచి గోడకు పచార్లు చేయడం, లేదా ఫోను చేతిలో పట్టుకుని ఊపడం. చూడని మెట్రో స్టేషన్లు ఎన్ని అన్న లక్ష్యానికి దొడ్డిదారి ఒకే రోజు ఆరు స్టేషన్లు దిగడం, అది కూడా ఒక మంచి ఆదివారమే. అన్నట్టు, అందరి ఫోన్లలోనూ తిష్ఠ వేసుకున్న 10,000 అడుగుల సంఖ్య ఏ వైద్యుడి లెక్క నుంచీ పుట్టలేదు. 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులో ఆ అంకె ఉంది, చెప్పుకోవడానికి గుండ్రంగా ఉండటంతో అది లోకమంతా పాకిపోయింది. అందరూ వాడుతున్నారన్న కారణంగా ఒక సంఖ్యకు తలవంచనక్కరలేదు.

బహుమతుల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో బొమ్మలు వేయడం అంటే ఇష్టపడే చిన్నపిల్లలలో కొందరికి, బొమ్మ వేస్తే రిబ్బను అతికించిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొద్ది వారాల తర్వాత ఎవరూ ఏమీ అడగని సమయంలో గమనిస్తే, ఆ ఆశ చూపించిన పిల్లలు మిగిలినవారితో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. కనుక వంద కిలోమీటర్లు నడిస్తే కొత్త బూట్లు, పది కొండలు ఎక్కితే స్మార్ట్‌వాచ్ అని తమకు తామే ఆశ పెట్టుకోవడం అంత మంచి ఆలోచన కాదు. బూట్లు అరిగిపోయాయి కనుక కొనుక్కోవాలి, అంతే. పిల్లలకు ఇటువంటి లక్ష్యాలు పెట్టే తల్లిదండ్రులు ఈ మాటను మరింతగా గుర్తుంచుకోవాలి.

అయిపోయే జాబితాలు

సరదా లక్ష్యాలలో అన్నిటికంటే తేలికగా మొదలుపెట్టగలిగేది, ఎక్కడో ఒకచోట పూర్తయ్యే జాబితా. ఈ రుచి మనకు కొత్తది కాదు. పంచారామాలు అయిదు, నంద్యాల చుట్టుపక్కల నవనందులు తొమ్మిది, పంచభూత లింగాలు అయిదు అని సంఖ్య ముందే బిగించి పెట్టిన యాత్రలు మన పెద్దలు తరతరాలుగా చేస్తున్నారు. కార్తీక మాసంలో అమరావతి నుంచి సామర్లకోట దాకా అయిదు ఆరామాలనూ ఒక్క రోజులో చుట్టివచ్చే బస్సులు కూడా ఉన్నాయి. జాబితా చిన్నదై, హద్దు స్పష్టంగా ఉంటే మనిషి దాన్ని పూర్తి చేయాలనే చూస్తాడు. భక్తికి పనికివచ్చిన ఈ కొలతను సరదాకు వాడుకోవడంలో తప్పేమీ లేదు.

బెంగళూరులో అందుకు చక్కగా అమరే జాబితా నమ్మ మెట్రో ఊదారంగు మార్గం. చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ కాడుగోడి దాకా 43 కిలోమీటర్ల పైచిలుకు సాగే ఈ మార్గంలో 37 స్టేషన్లు ఉన్నాయి. వారానికి ఒక స్టేషనులో దిగి, దాని చుట్టూ కిలోమీటరు లోపల కాలినడకన తిరిగి, అక్కడ ఒక కాఫీయో టిఫినో తీసుకుని, పుస్తకంలో ఒక వాక్యం రాసుకోవాలన్నది నియమంగా పెట్టుకోవచ్చు. ఏడాదికి 52 వారాలు కనుక 15 వారాలు మిగులుతాయి, ఆ మిగులే ఈ లక్ష్యానికి ప్రాణం. సంక్రాంతికి ఊరు వెళ్ళినా, సెప్టెంబరు వానలకు రోడ్లు మునిగినా, రిలీజు పేరిట ఆఫీసువారు శనివారం లాగేసుకున్నా లక్ష్యం చెడదు. విజయనగర్‌లో దిగితే మార్కెట్టు, జ్ఞానభారతిలో దిగితే విశ్వవిద్యాలయపు చెట్లు, కబ్బన్ పార్కులో దిగితే 1870 నాటి తోట కనిపిస్తాయి. ఏ చెప్పుకోదగ్గ వస్తువూ లేని స్టేషన్లే ఒక్కోసారి ఎక్కువ జ్ఞాపకం ఉంటాయి, ఎందుకంటే అక్కడ చూడటానికి ఏముందో మనమే కనిపెట్టాలి. స్టేషను పేరును ముందు కన్నడ లిపిలో చదివి, ఆ తర్వాతే ఇంగ్లీషు వైపు చూడాలన్న చిన్న షరతు కలుపుకుంటే మరీ మంచిది. ఆ అక్షరాలు మన అక్షరాలకు దగ్గరి బంధువులే కనుక తెలుగు వచ్చినవారికి అది కొద్ది వారాల పని.

కాళ్ళకు ఇంకాస్త పని కావాలనుకునేవారికి నగరం చుట్టూ ఉన్న నవదుర్గాలున్నాయి. ఇవి అమ్మవారి గుళ్ళు కావు, కొండకోటలు: సావనదుర్గ, నందిదుర్గ, దేవరాయనదుర్గ, మాకళిదుర్గ, హుత్రిదుర్గ, హులియూరుదుర్గ, భైరవదుర్గ, చన్నరాయనదుర్గ, కబ్బాళదుర్గ. వీటిలో 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండకు రోడ్డు పైదాకా ఉంది కనుక అక్కడ నడిచి ఎక్కితేనే లెక్క అని నియమం పెట్టుకోవడం న్యాయం. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న అయిదు నెలలలో నెలకు రెండేసి చొప్పున వేసుకుంటే ఒక విడి ఆదివారం కూడా మిగులుతుంది. ఏప్రిల్ ఎండలో ఆ బండలు కాలిపోతాయి, వానాకాలంలో జారతాయి. ముఖ్యంగా సావనదుర్గ మొత్తం ఒకే నున్నని శిల కనుక తడిగా ఉన్నప్పుడు దాని జోలికి పోకూడదు, ఎప్పుడైనా సరే ఒంటరిగా ఎక్కకూడదు. కొన్ని కొండలకు అటవీ శాఖ ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్టు తీసుకోమంటుంది కనుక శుక్రవారమే ఆ సంగతి చూసుకోవాలి, కొండ మొదట్లో నిలబడి వెనక్కి తిరగడం ఎవరికీ సరదా కాదు.

ప్రయాణాల లక్ష్యం పెట్టుకునే తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఉన్న సెలవులన్నీ ఊరికి వెళ్ళిరావడానికే సరిపోతాయి. పండగకు, పెళ్ళికి, పుట్టువెంట్రుకలకు పోగా చుట్టిరావడానికి రోజులు మిగలవు. దీనికి మందు ఊరి దారినే జాబితాగా మార్చుకోవడం. హైదరాబాదు వైపు వెళ్ళేవారు 44వ జాతీయ రహదారి మీద బాగేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పక్కకు మళ్ళితే లేపాక్షి వస్తుంది, ఇంకాస్త ముందుకు వెళ్తే 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ, అనంతపురం దాటాక గుత్తి కోట. తిరుపతి వైపు వెళ్ళేవారికి కోలారు, ముళబాగిలు పక్కనే ఉన్న కురుడుమలె, ఆపై కాణిపాకం, చంద్రగిరి కోట దారిలోనే తగులుతాయి. ఒక ప్రయాణానికి ఒకే ఒక ఆగుడు, అది కూడా వెళ్ళేటప్పుడు కాకుండా తిరిగి వచ్చేటప్పుడు అని నియమం పెట్టుకుంటే ఇంట్లోవారు కూడా ఒప్పుకుంటారు. వెళ్ళేటప్పుడు ఆగితే అక్కడ అన్నం వండి పెట్టుకుని ఎదురుచూసే అత్తగారికి సంజాయిషీ చెప్పుకోవాలి.

యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల వంటి పెద్ద జాబితాలు కొన్నేళ్ళ పథకాలు. దక్షిణాదిలోనే మహాబలిపురం 1984లోనూ, హంపి 1986లోనూ, పట్టదకల్లు 1987లోనూ చేరాయి. రామప్ప గుడి 2021లో, బేలూరు, హళేబీడు, సోమనాథపురాల హొయసల గుళ్ళు 2023లో చేరాయి. అంటే మనం పూర్తి చేస్తూ ఉండగానే జాబితా పెరిగిపోతుంది. మొదలుపెట్టిన రోజున ఉన్న జాబితానే పుస్తకంలో దించుకుని తేదీ వేసుకోవాలి, కొత్తగా చేరినవాటిని మరో పేజీలో రాసుకోవాలి.

పెరుగుతూ పోయే లెక్కలు

రోజూ కొంచెం కొంచెంగా చేసే పనులకు జాబితా కుదరదు, కూడికే సరైనది. కానీ ఒట్టి కిలోమీటర్ల మొత్తం కొన్ని వారాలకే చప్పగా అనిపిస్తుంది కనుక దానికి ఒక పటం తగిలించాలి. బెంగళూరు నుంచి హైదరాబాదుకు రోడ్డు దారి సుమారు 570 కిలోమీటర్లు. పేటలో చెరువు చుట్టూ రోజుకు 4 కిలోమీటర్లు నడిచేవారు 143 రోజులలో ఆ దూరం నడిచినట్టే. గోడ మీద పటం అంటించి వారానికొకసారి గుండుసూదిని ముందుకు జరుపుతూ, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, పెనుకొండ, అనంతపురం, గుత్తి, డోన్, కర్నూలు ఒక్కొక్కటీ దాటుతూ పోవచ్చు. గుండుసూది ఏ ఊరు చేరితే ఆ ఊరిలోని చుట్టానికో, కాలేజీ నాటి మిత్రుడికో ఆ రోజు ఫోను చేయాలన్న షరతు పెట్టుకున్నవారు, నడక కోసం కాకపోయినా ఫోను కోసమైనా గడప దాటుతారు. విజయవాడ, విశాఖల వారు తమ దారిని తాము గీసుకోవచ్చు. దూరం ఎక్కువైతే కంగారు పడనక్కరలేదు, గమ్యానికి తేదీ లేదు కదా.

ఎత్తైన భవనాలలో ఉండేవారికి మెట్లున్నాయి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లని లెక్క. అపార్ట్‌మెంటులో అంతస్తుకు 20 మెట్లనుకుంటే అవి సుమారు 178 అంతస్తులవుతాయి, రోజుకు పది అంతస్తులు ఎక్కితే 18వ రోజున కొండ చేరినట్టు. మోకాళ్ళ మీద భారం పడేది ఎక్కువగా దిగేటప్పుడే కనుక దిగడానికి లిఫ్టు వాడుకోవచ్చు. అలిపిరి మెట్లెక్కినవారిలో ఎందరో బస్సులో దిగేవారే, అందుకు ఎవరూ పుణ్యం తగ్గించలేదు.

సైకిలు తొక్కేవారికి ఆర్థర్ ఎడింగ్టన్ విడిచిపెట్టిన లెక్క కంటే అందమైనది నాకు కనిపించలేదు. 1919 సూర్యగ్రహణ పరిశీలనతో ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి ఆధారం చూపిన ఈ ఖగోళ శాస్త్రవేత్త సైకిలు పిచ్చివాడు కూడా. కనీసం ఎన్ని రోజులు, ఒక్కో రోజు కనీసం అన్నే మైళ్ళు తొక్కారో ఆ సంఖ్యే సైకిలు తొక్కేవారి అంకె. ఉదాహరణకు కిలోమీటర్లలో చూస్తే, కనీసం 20 రోజులు, రోజుకు 20 కిలోమీటర్లకు తగ్గకుండా తొక్కినవారి అంకె 20. అది 21 కావాలంటే 21 కిలోమీటర్లకు తగ్గకుండా తొక్కిన రోజులు 21 ఉండాలి. అంటే సరిగ్గా 20 దగ్గర ఆపేసి ఇంటికి వచ్చిన రోజులన్నీ ఒక్కసారిగా లెక్కలో నుంచి జారిపోతాయి. ఎడింగ్టన్ తన అంకె గురించి తోటి ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు ఉత్తరాలు రాసేవాడు. ఒక ఈస్టరు సెలవులలో 74 ముప్పావు మైళ్ళ సవారీలు రెండు చేసి, పావు మైలు తక్కువై అవి లెక్కకు రాలేదని వాపోయాడు. 1944లో చనిపోయే నాటికి ఆయన అంకె 84.

ఈ లెక్కలోని చమత్కారం ఏమిటంటే మొదట్లో వారానికి వారం పెరుగుతుంది, పోను పోను మొండికేస్తుంది. చిన్న సవారీలు ఎన్ని చేసినా ఉపయోగం లేదు, ఒకే ఒక్క పెద్ద సవారీ చేసినా ఉపయోగం లేదు. అందువల్ల ఎంత దూరం వెళ్ళాలన్నది ప్రతిసారీ ఆలోచించి నిర్ణయించుకోవలసి వస్తుంది. 20 నుంచి 30కి చేరాలనుకునేవారు ముందుచూపుతో ఇప్పటి నుంచే 30 కిలోమీటర్ల సవారీలు చేయడం మేలు, లేకపోతే చేసిన పనినే మళ్ళీ చేయాలి. నడిచేవారు, పరుగెత్తేవారు కూడా దీన్ని కిలోమీటర్లలో వాడుకోవచ్చు. అయితే పరుగులో ఈ అంకె వెంట తొందరపడి దూరాన్ని హఠాత్తుగా పెంచితే మోకాళ్ళూ పిక్కలూ ఊరుకోవు.

ఇక ఒక్క రోజు కూడా తప్పకుండా చేయాలనే వరుసల గురించి పెద్దగా చెప్పడానికి లేదు, ఎందుకంటే సరదా లక్ష్యాలకు అవి పనికిరావని నా నమ్మకం. జ్వరం వచ్చినా, రాత్రి బస్సులో ఉన్నా వరుస తెగుతుంది, తెగిన మర్నాడు చాలామంది పని మొత్తాన్నే వదిలేస్తారు. భాషలు నేర్పే డుయోలింగో వంటి యాప్‌లు కూడా అందుకే వరుసను కాపాడే 'ఫ్రీజ్' సదుపాయం పెట్టుకున్నాయి. రోజూ అన్న చోట నెలకు ఇరవై అని రాసుకుంటే సరిపోతుంది.

ముందే రాసుకోవలసిన నియమాలు

ఏది లెక్కకు వస్తుంది, ఏది రాదు అన్నది ఆట మొదలుకాకముందే రాసుకోవాలి. 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు చూడాలనుకున్నవారు రైలు కిటికీలో నుంచి చూసినది లెక్కా, విమానాశ్రయంలో విమానం మారినది లెక్కా అని ముందే తేల్చుకోకపోతే తర్వాత తమతో తామే తగువు పడతారు. నేల మీద అడుగు పెట్టి, ఒక పూట అక్కడి భోజనం చేస్తేనే లెక్క అన్నది నాకు నచ్చిన నియమం. కొండ సగంలో పొగమంచుకు వెనుదిరిగితే లెక్కకు రాదు, కానీ ఆ ప్రయాణాన్ని పుస్తకంలో రాసుకోవడానికి అడ్డు లేదు.

పక్షులను చూసేవారికి ఈ నియమాలు మరీ ముఖ్యం. జక్కూరు చెరువు దగ్గరో, కైకొండ్రహళ్ళి చెరువు దగ్గరో తెల్లవారుజామున నిలబడితే నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు, గద్దలు ఏ శిక్షణా లేనివారికి కూడా కనిపిస్తాయి. మెర్లిన్ యాప్ చెట్టు మీది కూతను విని ఫలానా పక్షి కావచ్చునని సూచిస్తుంది. అది సూచన మాత్రమే, కనుక కంటితో చూస్తేనో, ఆ కూత మనకే ఖాయంగా తెలిస్తేనో తప్ప పేరు రాయకూడదన్న నియమం పెట్టుకుంటే మన జాబితా మీద మనకే గౌరవం ఉంటుంది. చూసినవాటిని 2002 నుంచి నడుస్తున్న పక్షుల నమోదు వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఎక్కిస్తే ఒక అదనపు లాభం ఉంది: అరుదైన పిట్టలనే కాక కాకిని, గోరువంకను కూడా ఎన్ని కనిపించాయో లెక్కతో రాయమంటుంది కనుక, మన సరదా పరిశోధకులకు పనికివచ్చే సమాచారమవుతుంది. ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ మొదలుపెట్టడానికి మంచి ముహూర్తం. బాల్కనీలో పదిహేను నిమిషాలు నిలబడినా అందులో పాల్గొన్నట్టే.

సంగీతం వినేవారికి కూడా నియమం ఉంటేనే లెక్క రక్తి కడుతుంది. చామరాజపేటలోని ఫోర్టు హైస్కూలు మైదానంలో శ్రీరామ సేవా మండలివారు 1939 నుంచి నిర్వహిస్తున్న రామనవమి సంగీతోత్సవానికి వెళ్ళేవారు, ఈ ఏడాది పల్లవి వినగానే పోల్చుకోగలిగిన త్యాగరాజ కీర్తనలు ఎన్ని అని లెక్క పెట్టుకోవచ్చు. సాహిత్యం మన భాషలోదే కనుక ఈ ఆటలో తెలుగువారికి కొంత మొగ్గు ఉంది. పక్కవారు చెబితే లెక్కకు రాదు.

పద్దు ఎలా రాయాలి

నమోదు చేయడానికి పట్టే సమయం ఒక నిమిషం దాటితే ఆ పద్ధతి నెల కూడా నిలవదు. తెలుగువారి ఇళ్ళలో అన్నిటికంటే నమ్మకమైన నమోదు యంత్రం గోడ మీది తెలుగు క్యాలెండరు. పాల ప్యాకెట్లు, గ్యాసు బండ వచ్చిన తేదీ, పనిమనిషి రాని రోజులు దానిమీదే కదా రాస్తాం. నెలకు ఇరవై అన్న రకం లక్ష్యాలకు ఆ గళ్ళలో ఒక రంగు చుక్క చాలు, ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది కూడా. పీజీ హాస్టళ్ళలో గోడ తమది కానివారు వాట్సాప్‌లో తమకు తామే సందేశం పంపుకుని, నెలాఖరున అన్నీ కలిపి దించుకోవచ్చు.

జాబితాలకు, ప్రయాణాలకు పుస్తకమే మంచిది. ఇందులో మనకు రామకోటి పుస్తకం కంటే మంచి నమూనా లేదు. గళ్ళు ముందే గీసి ఉంటాయి, ఒక్కో గడి నింపడానికి క్షణం పడుతుంది, ఎక్కడ ఆపితే మర్నాడు అక్కడి నుంచే మొదలు. రోజుకు వెయ్యి నామాలు రాసినా కోటి పూర్తి కావడానికి 10,000 రోజులు, అంటే ఇరవై ఏడేళ్ళకు పైగా పడుతుంది. అయినా రాసేవారెవరూ మిగిలినదెంత అని లెక్క వేసుకుని బెంగపడరు. మెట్రో జాబితాకు కూడా అలాగే 37 గళ్ళు ముందే గీసి, ఒక్కో గడిలో తేదీ, ఒక వాక్యం పట్టేటంత చోటు వదలాలి. ఆ వాక్యం తప్పనిసరి. "బాగుంది" అని రాయకూడదు; తిన్నది, విన్నది, తప్పిపోయిన వీధి పేరు ఏదో ఒక వివరం ఉండాలి. కొంత కాలం గడిచాక తేదీలకంటే ఆ వాక్యాలే చదువుకోవడానికి పనికివస్తాయి.

ఎడింగ్టన్ అంకె వంటి వాటికి మాత్రం గూగుల్ షీట్ అవసరం. ఒక నిలువు గడిలో తేదీ, రెండో దానిలో దూరం రాసి, దూరాలను పెద్ద నుంచి చిన్నకు పేర్చాలి. పై నుంచి దిగుతూ వరుస సంఖ్యను, దూరాన్ని పోల్చి చూస్తే, దూరం వరుస సంఖ్యకు తగ్గకుండా ఉన్న చివరి వరుసే మీ అంకె. సూత్రాలేవీ రాని వారు కూడా దీన్ని కంటితో తేల్చుకోవచ్చు. సవారీలను స్ట్రావా వంటి యాప్‌లో నమోదు చేసేవారు బయలుదేరే చోటు, చేరే చోటు ఇతరులకు కనిపించకుండా దాచే సెట్టింగును మొదటి రోజే పెట్టుకోవాలి. 2017లో ఆ సంస్థ ప్రచురించిన ప్రపంచ పటంలో సైనిక స్థావరాల ఆనవాళ్ళే బయటపడ్డాయి, మన ఇంటి గేటు ఒక లెక్కా?

తోడు, పందెం

మిత్రులతో కలిసి లక్ష్యం పెట్టుకుంటే ఉత్సాహం పెరుగుతుంది, పోటీ పెట్టుకుంటే తరచుగా చెడుతుంది. జిమ్‌కు వెళ్ళే తమ్ముడు, పసిపిల్లాడిని చూసుకునే వదిన ఒకే కిలోమీటర్ల పట్టికలో ఉంటే రెండో వారానికే ఒకరు తప్పుకుంటారు. ఉమ్మడి లెక్క దానికి విరుగుడు: ఇంట్లోవారందరి నడకా కలిపి గుండుసూదిని జరిపితే, తాతగారు పార్కులో నడిచిన అర కిలోమీటరు కూడా ఊరి దారిలో కలుస్తుంది. పందెం కావాలనుకుంటే అది తిండి పందెం కావడం మంచిది. ఓడినవారు గెలిచినవారికి 1943 నుంచి నడుస్తున్న గాంధీ బజారు విద్యార్థి భవన్‌లో దోసె తినిపించాలి అనుకుంటే, ఆదివారం ఉదయపు నిరీక్షణతో సహా ఇద్దరికీ లాభమే.

మార్చడం, వదిలేయడం, ఏడాది ముగించడం

లక్ష్యాల ఏడాది జనవరి 1న మొదలుకావాలని లేదు. ఉగాది నాడు మొదలుపెడితే ఆ రోజు కన్నడిగులకూ తెలుగువారికీ సెలవే కనుక తీరిక ఉంటుంది; అయితే వెంటనే ఎండలు వస్తాయి కాబట్టి మెట్రో, సంగీతం, పుస్తకాలు ముందు పెట్టుకుని, కొండలను అక్టోబరు తర్వాతికి ఉంచాలి. ఒక మనిషికి ఒక ఏడాదిలో ఇటువంటి లక్ష్యాలు మూడు చాలు. నాలుగోది చేరగానే ఆదివారాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. మొదటి నెలలో ఏ సామానూ కొనకూడదు, ఉన్న బూట్లతో, అరువు సైకిలుతో, ఫోను కెమెరాతో మొదలుపెట్టాలి.

నెలాఖరు ఆదివారం పావుగంట కూర్చుని గళ్ళు చూసుకోవాలి. అక్కడ వేసుకోవలసిన ప్రశ్న ఎంత మిగిలింది అని కాదు, గడిచిన నెలలో ఈ లెక్క లేకపోతే వెళ్ళని చోటికి ఎక్కడికైనా వెళ్ళామా అని. రెండు నెలలు వరుసగా లేదు అన్న జవాబు వస్తే నియమం మార్చాలి. ఏడాదికి ఒక్కసారే మార్చవచ్చు, మార్చిన తేదీ పుస్తకంలో రాయాలి. మార్చినా కదలకపోతే ఆ లక్ష్యాన్ని చివరి పేజీలో 'పక్కన పెట్టినవి' అన్న శీర్షిక కింద ఎక్కించి వదిలేయాలి. అక్కడ కారణం రాయనక్కరలేదు.

ఏడాది చివర పద్దు ముగించేటప్పుడు అన్నిటినీ ఒకేలా చూడకూడదు. మెట్రో, నవదుర్గాల వంటి జాబితాలలో నిండని గళ్ళు అలాగే కొత్త పుస్తకంలోకి వెళ్తాయి. గుండుసూది ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కదులుతుంది. ఎడింగ్టన్ అంకె జీవితకాలపు లెక్క కనుక షీటును చెరపకూడదు. పక్షులకు మాత్రం రెండు జాబితాలుంటాయి: ఇంతవరకు చూసినవన్నీ ఒకదానిలో కొనసాగుతాయి, ఆ ఏడాదిది సున్నా నుంచి మళ్ళీ మొదలవుతుంది, అందులో మొదటి పేరు సాధారణంగా కాకిదే అవుతుంది.